సంగటి పెట్టేదెవరు?

తాడిపత్రి,
10 నవంబరు 2024

అక్కకు ఓబిలేష్ నమస్కారం.

నువ్వు ఉత్తరం చదివి వినిపిస్తుంటే బావ సగంలో లేచి గొర్రెల దగ్గరికి పోతాడు కాబట్టి మంచి మాట మొదట్లోనే రాస్తున్నాను. నేను ఊరికి వచ్చేస్తున్నాను.

మా ఓనరుకు మన ఉడుములగుట్ట లీజుకు వచ్చింది. గ్రానైట్ క్వారీ పెడతాడట. బండలు కోసే మిషన్ పక్కనే నిలబడి చెవులు పోగొట్టుకున్నావు, మీ ఊరి పని నువ్వే చూసుకో, సూపర్‌వైజరుగా పొమ్మన్నాడు. ఎవరైనా ఎదుట నిలబడి అరిస్తేనే నాకు సగం వినపడుతుంది, ఫోను సంగతి చెప్పనక్కర్లేదు. క్వారీలో అయితే చూపు ఉంటే చాలు.

లీజు ఎలా వచ్చిందంటావా? పోయిన ఎలక్షన్లో మీ వైపు ఎమ్మెల్యేకి డబ్బు పెట్టింది ఈయనే. జీపులు, ఫ్లెక్సీలు, భోజనాలు, ఇంటింటికీ పంచినవి, అన్నీ. మమ్మల్ని కూడా మిషన్లు ఆపించి బైకు ర్యాలీకి తోలాడు. పెట్రోలు, బిర్యానీ పొట్లం, ఆ రోజు కూలి ఇచ్చాడు. అప్పుడు పెట్టింది ఇప్పుడు రాబట్టుకుంటున్నాడు. లోకం తీరే అంత, మనకు అందులో ఒక మేలు జరిగింది, అంతే అనుకో.

మీ పెరట్లో ఒక గది వేసుకుని కాపురం పెడతాం. రెబెకా మాత్రం, "మీ అక్క నన్ను వంటింట్లోకి రానిస్తుందా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది.

నీ తమ్ముడు
ఓబిలేష్

*

గుట్టకిందపల్లి,
ముదిగుబ్బ మండలం,
19 నవంబరు 2024

చిరంజీవి ఓబిలేష్‌కు అక్క దీవెనలు.

నరసింహస్వామి దయవల్ల అందరం బాగున్నాం. మొన్న చుక్కల గొర్రె కవల పిల్లల్ని ఈనింది. చెనక్కాయ చేలో ఈ ఏడాది కూడా కాయ కంటే ఆకే ఎక్కువ.

నువ్వు వస్తున్నావన్న మాట దగ్గర ఆగి, పోయి దేవుడి ముందు దీపం వెలిగించి వచ్చి మిగతాది చదివాను. మొత్తం చదివాక అయితే వెలిగించేదాన్నో లేదో తెలియదు.

తమ్ముడూ, నువ్వు చిన్నప్పుడే పోయావు కాబట్టి మరిచిపోయి ఉంటావు. ఎండాకాలం గొర్రెలకు పచ్చిక కనపడేది ఆ గుట్ట మీదే. వాన పడితే దాని వంకలోంచే మన కుంటకు నీళ్లు దిగేది. ఆ నీళ్లతోనే బోర్లలో నాలుగు చుక్కలు ఉన్నాయి. నీ ఉత్తరం రాకముందే సర్వే వాళ్లు వచ్చి బండల మీద సున్నంతో గీతలు గీసి పోయారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నీ ఉత్తరం చూసి మీ బావకు చెప్పాను. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

గుట్టకు పోయే బాట మీద టార్పాలిన్ పట్టలు కట్టుకుని అందరం కూర్చున్నాం. గొర్రెలవాళ్లు, కూలివాళ్లు, రెండెకరాలవాళ్లు, ఏమీ లేనివాళ్లు. మొదటి రోజే ఎమ్మెల్యే మనిషి కారులో వచ్చాడు. దిగకుండానే, "ఎలక్షన్లో దుడ్లు తీసుకోలేదామ్మా మీరు? తిన్నాక మళ్లా ఈ కూర్చునేదేంది?" అన్నాడు. అందరూ తల వంచుకున్నారు. మన ఇంట్లో మీ బావ కూడా తీసుకున్నాడు, అప్పుడు నేను ఆయనతో మాట్లాడడం మానేశాను, నీకు తెలుసు. అందరిలోకి పెద్దది నల్లమ్మ లేచి కారు కిటికీ దగ్గరికి పోయింది.

"తీసుకున్యాం నాయనా. నువ్వు ఓటుకిచ్చినావు, ఓటేసినాం. గుట్టకు యెప్పుడిచ్చినావు? గుట్ట బేరం ఆడింటే అప్పుడే చెప్తాంటిమి గదా, అది మాది గాదు, గొర్రెలదని."

అతను అద్దం పైకెత్తుకుని పోయాడు.

నాకు రాజకీయాలు తెలియవు. ఓటు రోజు మాత్రం అక్కడ మీ ఓనరుకు ఒక సిరా చుక్క, ఇక్కడ నల్లమ్మకు ఒక సిరా చుక్క. సమానమే అనుకున్నాను. ఖర్చు పెట్టినాయన మాట ఆ తర్వాత కూడా వినపడుతూనే ఉంది, మా మాట ఆ రోజుతో అయిపోయింది. ఇది ఎక్కడి న్యాయమో స్వామినే అడుగుతున్నాను.

మీ ఓనరుకు చెప్పి చూడు. వేరే గుట్ట చూసుకోమను. నీకు మాత్రం ఈ ఇంట్లో చోటు ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ కూర్చున్నవాళ్లకు రెండు పూటలా రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి చేసి పెడుతున్నాను. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, ఉంటాను.

మీ అక్క
హేమావతి

*

తాడిపత్రి,
2 డిసెంబరు 2024

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. ఇన్నేళ్లకు వస్తున్నానంటే నువ్వు గుట్ట గురించి రాశావు. గొర్రెలకు మేత ముఖ్యమే. తమ్ముడు దుమ్ము మింగుతూ ముసలివాడు కావడం కూడా ఒక పక్కన రాసుకోవాలి కదా. నేను అక్కడికి రావడం నీకు ఇష్టం లేదా? రెబెకా గురించా? అదే అయితే నేరుగా రాయి.

ఇంకో సంగతి. ఓనరు నన్ను ఆఫీసులోకి పిలిచి కుర్చీ వేయించాడు. ఆ కుర్చీ చూడగానే భయమేసింది. నాకు వినపడాలని చెవి దగ్గరికి వచ్చి అరిచాడు. "ఒరే, మీ ఊర్లో బాట మీద కూర్చున్నోళ్లకి కూడు పెడ్తాండేదెవరు?"

తెలియదన్నాను. కనుక్కోమన్నాడు. ఇంతమంది ఇన్నాళ్లు పని మానుకుని కూర్చున్నారంటే వెనక డబ్బు ఉండాలని ఆయన నమ్మకం. నిజం చెప్పాలంటే నాకూ అంతే. నేను ఇంతవరకూ పోయిన ఏ మీటింగుకూ ఊరికే పోలేదు, నా పక్కన జెండా పట్టుకున్నవాడూ ఊరికే రాలేదు.

ఎలక్షన్లో ఓడిపోయినాయన ఇస్తున్నాడా? ఇస్తే ఇవ్వనీ, నేను తప్పు పట్టను. ఒకడి డబ్బుతో పోయే గుట్ట ఇంకొకడి డబ్బుతో నిలిస్తే నిలవనీ. అయితే నాకు తెలియాలి. నాకు జీతం ఇచ్చేవాడు అడుగుతున్నాడు.

ఓబిలేష్

*

గుట్టకిందపల్లి,
9 డిసెంబరు 2024

ఓబిలేష్‌కు అక్క రాస్తున్నది.

సంగటి ఎవరు పెడుతున్నారని అడిగావు. చెబుతాను. దాచవలసింది ఏమీ లేదు, నువ్వు ఎవరికి చెప్పుకున్నా నాకు భయం లేదు.

పొయ్యి వెలిగించే ముందు అమ్మ గుప్పెడు గింజలు తీసి దేవుడి కుండలో వేసేది. ఇంట్లో ఏమీ లేని రోజు కూడా వేలి కొనలతో చిటికెడైనా వేసేది. ఈ ఊళ్లో ప్రతి ఆడమనిషీ ఇప్పటికీ వేస్తుంది. పున్నమికి పున్నమికి మా భజన ఆడవాళ్లం ఇంటింటికీ పోయి ఆ బియ్యం, రాగులు ఒకచోట పోసుకుంటాం. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరుకు కాలినడకన పోయేవాళ్లకు దారిలో వండి పెట్టడానికి. ఇప్పుడు వండుతున్నది ఆ గింజలే. ఇచ్చేవాళ్లు ఎవరని అడిగితే ఏ పేరు చెప్పను? ఊళ్లో పొయ్యి ఉన్న ప్రతి ఇల్లాలి పేరూ చెప్పాలి.

ఆ కుండ మీద చేయి వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. స్వామి పేరున తీసినవి. మొదటి రోజు మూత పట్టుకుని నిలబడిపోతే నల్లమ్మ నన్ను పక్కకు జరిపింది.

"నడిచేటోళ్లకి పెట్టేది కూర్చున్నోళ్లకి పెడితే స్వామికేం తక్కువైతాదిమ్మే? గుట్ట పోతే మనం బెంగుళూరికి కూలికి పోయింటాం. అప్పుడు తేరుకు నడిచేదెవరు, పెట్టేదెవరు?"

పూర్తిగా మనసు కుదుటపడలేదు. రోజూ గరిటె పట్టే ముందు స్వామికి విన్నవించుకుని వండుతున్నాను.

నా పొయ్యి దగ్గర ఎవరి డబ్బు ఉందని నువ్వు అడగడమే నాకు కష్టంగా ఉంది. రెబెకా పేరు ఇందులోకి ఎందుకు తెచ్చావు? ఆమెను నేను ఒక్క మాట అనలేదు.

హేమావతి

*

తాడిపత్రి,
18 డిసెంబరు 2024

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరంలో "చిరంజీవి" లేదు, "దీవెనలు" లేవు. రెబెకా విని, "ఈసారి నీకు కోత పడింది" అంది. నేను అలా అడిగి ఉండకూడదు. మళ్లీ పూర్తి దీవెనలు పంపు.

దేవుడి కుండ సంగతి చదివి వినిపించగానే రెబెకా చేస్తున్న పని ఆపింది. వాళ్ల చర్చిలోనూ ఇదే పద్ధతి అట. ఆడవాళ్లు వండే ముందు పిడికెడు బియ్యం ప్రభువు పేరున తీసి పెడతారు, ఆదివారం తెచ్చి చర్చిలో పోస్తారు. పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో కూడా తీస్తోందట. నేను చూడనేలేదు. ఆదివారం జాకబ్ పాస్టరుగారి అనుమతి అడిగి, ఆడవాళ్లందరూ కలిపి ఒక మూట కట్టి ఇచ్చారు. నిన్న నేనే భుజాన మోసుకుపోయి అనంతపురం బస్సులో వేశాను. అక్కడ కదిరి బస్సులోకి మారుస్తామన్నారు. ముదిగుబ్బలో దింపించుకోండి.

"వదినకు ఇష్టం లేకపోతే కోళ్లకు వేయమను, వెనక్కి మాత్రం పంపొద్దను" అని రెబెకా మాట.

ఓనరుకు చెప్పాల్సిన జవాబు చెప్పేశాను. ఈ రోజు నుంచి నాకు కొంచెం సెలవు దొరికింది. ఇంటి గోడలకు సున్నం కొడుతున్నాను.

నీ తమ్ముడు
ఓబిలేష్

*

గుట్టకిందపల్లి,
6 జనవరి 2025

చిరంజీవి ఓబిలేష్‌కు అక్క దీవెనలు.

బియ్యం చేరాయి. రెబెకాకు ముందు ఈ మాట చెప్పు. మూట విప్పినప్పుడు మా భజనలో ఒకామె, "చర్చి బియ్యం స్వామి గింజల్లో కలపొచ్చా అక్కా?" అంది. నేనూ ఒక్క క్షణం ఆలోచించాను, అబద్ధం చెప్పను. తర్వాత ఆ బియ్యాన్ని చేటలో పోసి చూశాను. సన్నవి, దొడ్డువి, నూకలు, ఇంటికో రకం కలగలిసి ఉన్నాయి. మా కుండలో బియ్యం కూడా అచ్చం అలాగే ఉంటాయి. ఒకే గుండిగలో పోశాను. సంగటిలోకి అవే వేశాం.

ఇక రెండో మాట. ఇది రాయకుండా ఉండలేను.

పోలీసులు వచ్చి మా వంట దగ్గర అంతా చూసి, బస్తాల మీద ఎవరి పేరైనా ఉందేమోనని తిప్పి తిప్పి చూశారు. వాళ్లతో వచ్చిన ఎమ్మెల్యే మనిషి అందరి ముందు నాతో, "మీ ఓబిలేషే మా సారుకి అన్నీ చెప్పినాడు లేమ్మా. యాడ నుంచి కూడొస్తాందో మాకు తెలీదనుకున్యారా?" అన్నాడు.

అప్పటి నుంచి నేను పోతే ఆడవాళ్లు మాటలు ఆపేస్తున్నారు. మీ బావ పొద్దున్నే గొర్రెలతో పోయి చీకటి పడ్డాకే వస్తున్నాడు, అదే ఎక్కువ బాధ. రేపు ఎవరైనా వచ్చి ఆ కుండలను ఎత్తుకుపోతే ఊరంతా నా వైపే చూస్తుంది.

ఏం చెప్పావు? నీకు సెలవు ఎందుకు ఇచ్చారు? చెప్పినందుకు బహుమానమా? కాదని రాయి. నువ్వు ఏది రాస్తే అదే నమ్ముతాను.

మీ అక్క
హేమావతి

*

తాడిపత్రి,
20 జనవరి 2025

అక్కకు నమస్కారం.

అవును, చెప్పాను. ఎవరికి చెప్పుకున్నా భయం లేదని నువ్వే రాశావు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఊరి ఆడవాళ్లు గుప్పెడు గుప్పెడు తీసిపెట్టిన గింజలు సార్, ఇంకెవరూ లేరు అన్నాను.

ఓనరు నవ్వాడు. తర్వాత కోపం వచ్చింది. అంత గట్టిగా అరిచాడు కాబట్టి ఒక్క ముక్క పోకుండా నాకు కూడా వినపడింది. "కుండల్లోనుంచి ధర్నాలు వస్తాయేందిరా? నేను ఎలక్షన్ చేసినోణ్ణి. మనిషిని బయటికి తెచ్చేదానికి ఎంతయితాదో నాకు చెప్తావా?"

మరునాడు నేను బియ్యం మూటను బస్సులో వేయడం ఆయన మనిషి చూశాడు. ఇంకేముంది, ఓడిపోయినాయన పంపే సరుకు నా చేతుల మీదుగా పోతోందని తేల్చుకున్నారు. పనిలోంచి తీసేశారు. సెలవు అని రాసింది దాని గురించే. నీకు చెబితే నా కోసం గుట్ట వదులుకుంటావేమో, లేక వదులుకోకుండా ఏడుస్తావేమో అని దాచాను. రెబెకా బీడీలు చుట్టి, నేను కూలికి గోడలకు సున్నం కొట్టి నెట్టుకొస్తున్నాం.

ఇక అసలు కథ విను. ఇది ఓనరు డ్రైవరు తిప్పన్న మా ఇంటికి వచ్చి, నవ్వు ఆపుకోలేక చేతులతో సైగలు చేస్తూ చెప్పింది.

ఓనరు ఒక సంచి పట్టుకుని ఓడిపోయినాయన ఇంటికే పోయాడు. "జరిగిందేదో జరిగింది అన్నా, మీ జనాలను లేపేయండి" అన్నాడు. ఆయన ఒక్క నిమిషం కూడా తడబడలేదు. సంచి లోపలికి పంపి, "రేపటికల్లా పట్టలు పీకిస్తా, నిశ్చింతగా పో" అన్నాడట. ఓనరు కారెక్కాక ఆయన మెల్లగా తిప్పన్న పక్కకు వచ్చి, "ఏమప్పా, ఆ గుట్ట యాడుండాది?" అని అడిగాడట!

మీరు లేస్తారా? లేవరు. ఓనరు మళ్లీ పోయాడు. "వాళ్లు ఇంకా అడుగుతాండారు" అని ఆయన ఇంకో సంచి పుచ్చుకున్నాడు. మీరు అప్పుడూ లేవలేదు. మూడోసారి పోయి ఓనరు తన డబ్బు వెనక్కి ఇమ్మని కేకలు వేశాడు. దొంగ అన్నాడు. ఓడిపోయినాయనకు పరువు పోయినట్టయింది. వెంటనే పేపరువాళ్లను పిలిచి కూర్చోబెట్టి, ఎలక్షన్ ఖర్చుకు బదులుగా గుట్టను ఎలా రాసిచ్చారో, గ్రామసభ పెట్టకుండానే పెట్టినట్టు ఎలా సంతకాలు వేశారో మొత్తం చెప్పేశాడు. ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? తను గెలిచినప్పుడు తనూ అదే చేశాడు కదా.

నేను అబద్ధం చెప్పి ఉంటే, ఎవరో ఒకరి పేరు చెప్పి ఉంటే, వాళ్లు నమ్మి ఊరుకునేవాళ్లు. నిజం చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

మన ఊరి ఆడవాళ్లకు ఈ ఉత్తరం చదివి వినిపించు. బావకు కూడా.

నీ తమ్ముడు
ఓబిలేష్

*

గుట్టకిందపల్లి,
12 ఫిబ్రవరి 2025

చిరంజీవి ఓబిలేష్‌కు, చిరంజీవి సౌభాగ్యవతి రెబెకాకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం బాట మీద అందరిలో నిలబడి చదివాను. సంచి దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగక, మిగతాది మీ బావ కూడబలుక్కుని చదివాడు. నువ్వు ఎప్పుడూ చూసి ఉండవు, ఆయన ఈసారి సగంలో లేచిపోలేదు. నన్ను చూసి మాటలు ఆపినవాళ్లే వచ్చి చేయి పట్టుకున్నారు.

పేపర్లో పడింది చూసి తహసీల్దారు పోయిన వారం వచ్చారు. గ్రామసభ ఎప్పుడు జరిగిందని అడిగారు. జరగలేదని చెప్పాం. మీరు సంతకం చేశారా అని నల్లమ్మను అడిగారు. "నాకు సంతకం వస్తే సారూ, నేనే ఎమ్మెల్యే అయ్యేదాన్ని" అంది. ఆయనకు నవ్వు వచ్చింది, తల దించుకున్నారు. ఈ రోజు పొద్దున మళ్లీ వచ్చి, లీజు రద్దయిందని అందరి ముందు చదివారు. విన్న తర్వాత కూడా ఎవరూ లేవలేదు. నిజమేనా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీ బావ మాత్రం లేచి, గొర్రెల దొడ్డి తలుపు తీసి, సున్నపు గీతలు దాటించి గుట్ట మీదికి తోలేశాడు. అప్పుడు అందరం లేచాం. నా గుండెల మీది బండ దిగినట్టుంది. ఇన్నాళ్లకు కడుపునిండా తిన్నాను.

మధ్యాహ్నానికి ఓడిపోయినాయన పూలదండలతో వచ్చాడు, గుట్టను తనే కాపాడానని. ఆయన కారు ఇంకా తిరగకముందే ఎమ్మెల్యే మనిషి వచ్చాడు, రద్దు చేయించింది తమ సారేనని. ఇద్దరికీ ఫోటో కావాలి. నల్లమ్మ ఇద్దరినీ వరసలో నేల మీద కూర్చోబెట్టి, "మొదలు తినండి నాయనా, ఎవురు కాపాడినారో మళ్లా చెప్దురు" అని ఆకులు వేసింది. ఎమ్మెల్యే మనిషి రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఆకలికి పార్టీ లేదు, నేనూ వడ్డించాను.

కుండలు దాదాపు అడుగంటాయి. ఫాల్గుణం ముందే ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు గుప్పెడు తీసేచోట రెండు గుప్పిళ్లు తీస్తున్నారు. స్వామికి కోపం వచ్చి ఉంటే గుట్ట మిగిలేది కాదని నా మనసుకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు నమ్మకంగానే ఉంది.

ఒక్క బాధ ఉంది. నువ్వు ఊరికి వచ్చే దారి నా చేతులతోనే మూసేశాను. నీ పని కూడా పోగొట్టాను. నువ్వు ఏమీ అనకపోయినా నాకు తెలుసు. నేను గుట్టను అడిగాను, నిన్ను కూడా అడిగాను. స్వామి ఒకటి ఇచ్చాడు.

మీ అక్క
హేమావతి

*

తాడిపత్రి,
19 ఫిబ్రవరి 2025

అక్కకు నమస్కారం. రెబెకా కూడా నమస్కారం రాయమంది. సౌభాగ్యవతి అన్న మాట నాలుగుసార్లు చదివించుకుంది.

నువ్వు దేనికీ బాధపడొద్దు. ఓనరు మనిషిని పంపి నన్ను పిలిపించాడు. కుర్చీ వేయలేదు, అందుకే ధైర్యంగా నిలబడ్డాను. "నీ మాట నమ్మింటే నా దుడ్లు నాకు మిగిలిండేవి గదరా" అన్నాడు. మిషన్ దగ్గరికి రమ్మన్నాడు. నేను పోలేదు. నాలుగు వీధుల అవతల ఒక పాలిష్ యూనిట్‌లో పని కుదిరింది. అక్కడ దుమ్ము తక్కువ, ఓనరుకు ఎలక్షన్ల పిచ్చి కూడా లేదు.

సూపర్‌వైజరు పని తప్పిపోయిందని నేను ఏడవడం లేదు. ఆ పని వచ్చి ఉంటే నీ ఇంటికి ఎదురుగా నిలబడి, బావ చూస్తుండగా ఆ గుట్టను ముక్కలు కోయించేవాణ్ణి. పేలుళ్లు నాకు వినపడేవి కూడా కావు. మీ అందరికీ వినపడేవి. ఇది తలుచుకున్నప్పుడల్లా తప్పించుకున్నాను అనిపిస్తుంది.

కొత్త పనిలో చేరడానికి ముందు ఒక వారం ఖాళీ ఉంది. వచ్చే శుక్రవారం బస్సుకు ఇద్దరం బయలుదేరుతున్నాం. ఊరికే వస్తున్నాం, నాలుగు రోజులు ఉండి పోతాం. నన్ను గుట్ట ఎక్కించమని బావకు చెప్పు. రెబెకాను మాత్రం ఎవరూ ఎక్కడికీ తీసుకుపోవద్దట. నీ వంటింట్లో ఆమెకు పని ఉందంటోంది.

నీ తమ్ముడు
ఓబిలేష్